బెదురు గిన్నె

అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె తెరవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అందులో ఏముందో తెలియక కాదు, తెలిసే. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ తుప్పుపెట్టె ఎవరికైనా ఇచ్చేయక్కా, ఇల్లు ఇరుకు" అనేవాడు. వాడికేం, వాడు పుట్టేటప్పటికే ఆ కథంతా అయిపోయింది. చివరికి ఒకనాటి పొద్దున కాఫీ కూడా తాగకుండా తాళం తీశాను. పైన చీరలు, చీరల మడతల్లో ఎండి పొడైపోయిన వేపాకు. వాటి కింద నాన్న చివరగా నేసిన పంచె, ఎవరూ కట్టకుండానే పసుపుబారింది. అడుగున, మగ్గం మీద నుంచి కోసి పారేసే నూలు కుచ్చుల మధ్య, తెల్లగుడ్డలో చుట్టిన గిన్నె. గుడ్డ విప్పకముందే చేతి బరువుకే గుర్తుపట్టాను. విప్పి చూస్తే నల్లగా ఉంది. నాకు తెలిసి నలభై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరూ తోమలేదు. ఎమ్మిగనూరులో మా వీధి మొత్తం మీద ఇత్తడి తోమడంలో తనను మించినవాళ్ళు లేరని పేరు తెచ్చుకున్న మనిషి, ఆ ఒక్క గిన్నెనూ నల్లగానే ఉంచి వెళ్ళిపోయింది. అమ్మ పోయిన రోజున నాకు ఏడుపు రాలేదు. ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకున్నాక వచ్చింది.

దాన్ని మేం బెదురు గిన్నె అనేవాళ్ళం. మా పక్కింటి ఖాసింబీ చిన్నమ్మది అది. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ పంచుకున్న మట్టిమిద్దెలు. గోడకు ఇటు నాన్న గుంటమగ్గం, అటు ఖాసింబీ చిన్నమ్మ భర్త ఇమాంసాబు చిన్నాయన దూదేకే విల్లు. పొద్దున లేస్తే ఇటు పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె టకటక, అటు విల్లు తుంయ్ తుంయ్. ఆ రెండిట్లో ఏది ఆగినా ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. మా ఇంట్లో ఎప్పుడూ పడుగుకు పెట్టే గంజి వాసన. వాళ్ళింట్లో కొత్త దూది వాసన, గురువారం వస్తే సాంబ్రాణిలాంటి లోబాన్ పొగ. దూది దుమ్ము గోడ మీదుగా ఎగిరొచ్చి మా నూలు మీద పడేది. "ఇమాంసాబూ, నీ దూది నా పంచెలో కలుస్తాండాది, రేపు కట్టుకున్నోడు గోక్కుంటాడు" అని నాన్న ఇక్కడి నుంచి అరిచేవాడు. "ఊరికే వచ్చిన దూదప్పా, తూకం పెరుగుతాది, నేసుకో" అని అటు నుంచి జవాబు వచ్చేది. నా చిన్నతనంలో ఈ మాటలు రోజూ విన్నాను. ఒక్కరోజు కూడా అందులో కోపం వినలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టెలు తినడం అయ్యాక ఖాసింబీ చిన్నమ్మ మా ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చునేది. అమ్మకు నూలు కండెలు చుట్టిపెట్టేది. ఆమెతో పాటు వాళ్ళ నూర్జా. నూర్జాదీ నాదీ ఒకే వయసు, ఒకే బడి, ఒకే బెంచీ. మా ఇద్దరికీ తలలు దువ్వి జడలు వేసేది ఖాసింబీ చిన్నమ్మే, ఎందుకంటే అమ్మ వేస్తే జడ బిగుసుకుపోయి కనుబొమలు పైకి లేచేవి. రాట్నం తిప్పుతూ చిన్నమ్మ కథలు చెప్పేది. ఆమె పుట్టిల్లు ఆదోని. అక్కడ వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, దగ్గర విన్న కథలట. కప్పుకుంటే మనిషి కనబడకుండా పోయే శాలువ. దూరదేశంలో ఉన్నవాళ్ళను చూపించే అద్దం. కూర్చుంటే ఎగిరే తివాచీ. ఎంత వడ్డించినా తరగని కుండ. ప్రతి వస్తువుకూ ఒక షరతు ఉండేది. కుండలోకి తొంగి చూడకూడదు, అద్దాన్ని రెండోసారి అడగకూడదు, శాలువను ఎండలో ఆరవేయకూడదు. ప్రతి కథలోనూ ఎవరో ఒక తొందర మనిషి ఆ షరతు తప్పేవాళ్ళు. అక్కడికి వచ్చేసరికి మా అమ్మకు ఆగేది కాదు. "దానికేం పోయేకాలమొచ్చినాదే, సూడకుంటే ఏమి? అంత సల్లని కుండ, సెడగొట్టుకున్యాది గదా" అని కథలో కుండలోకి తొంగిచూసిన కోడలిని తిట్టేది. చిన్నమ్మ నవ్వి, "అది సూడకపోతే కత యాడుంటాదక్కా" అనేది.

అమ్మ కూడా ఊరుకునేది కాదు. చిన్నమ్మ కుండకు పోటీగా అక్షయపాత్ర తెచ్చేది. అడవిలో ఉన్న ఆ ఇల్లాలు తాను తిని, పాత్ర కడిగి బోర్లించాక కోపిష్ఠి ముని శిష్యులందరితో భోజనానికి వస్తాడు. పాత్రకు ఎక్కడో ఒక మెతుకు అంటుకుని ఉండబట్టి ఆ పూట వాళ్ళ పరువు నిలబడుతుంది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ అమ్మ చివర్లో ఒక మాట కలిపేది. "నేనైతే ఆ మెతుకు కూడా లేకుండా తోముందును. ఇంగ అంతే, ముని సపించి పోయుండు." అందరం నవ్వేవాళ్ళం. ఎందుకంటే అది నిజం. చారుకు పిండిన చింతపండు పిప్పిని అమ్మ పారేసేది కాదు, ఒక చిప్పలో దాచేది. దానికి కల్లుప్పు, పొయ్యి బూడిద కలిపి, వాకిట్లో బండ మీద కూర్చుని కొబ్బరిపీచుతో తోమేది. ఆమె బోర్లించిన బిందెల పక్కగా ఎండలో నడవాలంటే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవలసిందే. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను కూడా తోమకుండా తిరిగి పంపేది కాదు. ఒకరి వస్తువు మన గడప దాటేటప్పుడు వచ్చినదానికన్నా మెరుగ్గా దాటాలి అనేది ఆమె పట్టుదల. అది ఆమె గర్వం. ఆమెకు ఉన్న ఒకే ఒక్క గర్వం కూడా.

ఇక ఆ గిన్నె. దోసిలి పడితే ఎంత ఉంటుందో అంత. లోపల చుట్టూ వరసలు వరసలుగా సన్నటి రాతలు చెక్కి ఉంటాయి, నడుమ చిన్న బొడిపె. ఉర్దూ అనుకునేవాళ్ళం. అరబ్బీ అని నాకు చాలా కాలానికి తెలిసింది. పిల్లలు దేన్నైనా చూసి దడుచుకుంటే, నిద్రలో ఉలిక్కిపడితే, వీధిలోవాళ్ళు ఎవరైనా సరే వచ్చి గిన్నె అడిగేవాళ్ళు. సాయంత్రం నీళ్ళు నింపి మిద్దె మీద చుక్కల కింద పెట్టాలి. తెల్లారి ఆ నీళ్ళు బిడ్డతో తాగించాలి. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు, చిన్న బెల్లం ముక్కైనా వేసి ఇవ్వాలి. ఇంకొకటి, అన్నిటికన్నా పెద్ద షరతు: గిన్నె ఎవరిదో ఆ ఇంటికి అది పనిచేయదు. ఊరందరికీ పనిచేస్తుంది, సొంత ఇంటికి మాత్రం చేయదు. "అట్లెందుకు?" అని నేను అడిగితే, "ఎవురింట్లో వాళ్ళకే పనిసేస్తే ఎవురు బయటికిస్తారు బేటీ, పెట్టెలో పెట్టి తాళమేసుకుంటారు" అంది చిన్నమ్మ. ఇప్పుడు నాకు ఇన్నేళ్ళొచ్చి, దేశదేశాల కథలు పోగుచేసి పిల్లల పుస్తకాలు వేసిన తర్వాత కూడా, దీనికన్నా తెలివైన షరతు ఎక్కడా దొరకలేదు.

మా చిన్నబడి రోజుల్లో ఒక ఏడు మా ఊరి జాతరలో, పశువుల సంతకు వచ్చిన ఎద్దు ఒకటి తాడు తెంపుకుని జనంలోకి వచ్చింది. నేనూ నూర్జా చెయ్యీ చెయ్యీ పట్టుకుని బొరుగుల అంగడి దగ్గర నిలబడి ఉన్నాం. జనం తోసుకున్నారు, మేం ఇద్దరం కింద పడ్డాం. ఎద్దు మా పక్కనుంచే పోయింది. దాని ఊపిరి నా మెడకు తగిలింది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. ఇంటికొచ్చాక నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నూర్జా ఏడవలేదు, మాట్లాడలేదు. ఖాసింబీ చిన్నమ్మ ఆ సాయంత్రమే గిన్నెలో నీళ్ళు నింపి మిద్దె మీద పెట్టి, తెల్లారి తీసుకొచ్చి నాకు తాగించింది. నేను తాగుతుంటే నూర్జా పక్కనే కూర్చుని చూస్తూ ఉంది. తనకు లేదు. తనది గిన్నె గల ఇల్లు. నేను ఆ మధ్యాహ్నానికల్లా లేచి ఆడుకున్నాను. నూర్జాకు జ్వరం పట్టుకుంది.

ఏ జ్వరమో ఇప్పటికీ నాకు తెలియదు. ఇమాంసాబు చిన్నాయన డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాడు. సూదులు వేశారు, మందులు ఇచ్చారు. నోటితో ఇచ్చేదేదీ నూర్జా మింగలేదు. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని పడుకునేది. అటువైపు దూది విల్లు ఆగిపోయింది. నాన్న కూడా మగ్గం మీద మెల్లగా నేసేవాడు, చప్పుడు కాకుండా. మూడు నాలుగు రోజులు గడిచాక, దీపాలు పెట్టే వేళకు ఖాసింబీ చిన్నమ్మ గిన్నె పట్టుకుని మా గడపలో నిలబడింది. లోపలికి రాలేదు.

"అక్కా, ఇది నీకిచ్చినా. ఇంగ నీదే. తీసుకున్నా అని సెప్పు."

అమ్మకు అర్థమైంది. గిన్నె మాది అయితే అది వాళ్ళింటికి పనిచేస్తుంది. రేపు తెల్లారి ఆమె మా దగ్గర అడిగి తీసుకుంటుంది. అమ్మ నావైపు ఒకసారి చూసింది. ఆ గిన్నె మా ఇంటిదయ్యాక ఇక నాకు పనిచేయదు గదా. అయినా తటపటాయించలేదు. రెండు చేతులా అందుకుని, "తీసుకున్నా ఖాసింబీ" అంది. "రేపు పొద్దున వచ్చి అడుగుతా, నీళ్ళు నింపి పెట్టు" అని చిన్నమ్మ వెళ్ళిపోయింది.

అమ్మ ఆ గిన్నెను దీపం దగ్గర పెట్టి చూసింది. లోపలంతా నల్లటి పొర, రాతల గీతల్లో మట్టి. ఒక బిడ్డ ప్రాణం కోసం మా గడప దాటబోయే గిన్నె. అమ్మ చింతపండు చిప్ప తెచ్చుకుంది. దీపం పక్కన పెట్టుకుని, మెల్లగా, గోటికి గుడ్డ చుట్టుకుని ఒక్కో రాతా తోమింది. నేను పక్కన కూర్చుని చూశాను. అంత భక్తిగా ఆమె దేవుడి పటం తుడవడం కూడా నేను చూడలేదు. కడిగి, తుడిచి, నీళ్ళు నింపి, మిద్దె మీద పెట్టి దండం పెట్టుకుని దిగింది. తెల్లారి చిన్నమ్మ వచ్చి, "అక్కా, గిన్నె ఒకపారి ఇస్తావా?" అని అడిగింది, ఊళ్ళో అందరూ ఆమెను అడిగినట్టే. అమ్మ ఇచ్చింది. చిన్నమ్మ గిన్నె వైపు చూసి ఒక్క నిమిషం ఆగింది. పట్టుకుని వెళ్ళింది.

నూర్జా రెండో రోజు సాయంత్రం పోయింది.

ఇంకొన్నాళ్ళకు ఖాసింబీ చిన్నమ్మ గిన్నె తిరిగి ఇచ్చింది. అందులో బెల్లం ముక్క ఉంది. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, అరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని బెల్లం వేసి ఇచ్చింది. అమ్మ ఆ బెల్లాన్ని గూట్లో పెట్టింది. మేం ఎవరం తినలేదు, పారేయనూ లేదు. చీమలు తిన్నాయి.

ఆ తర్వాతి గురువారం ఎప్పటిలాగే నెమలీకల కట్ట, లోబాన్ పొగ పట్టుకుని ఫకీరు వచ్చాడు. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆగేవాడే, మంచివాడే. వాకిట్లో బండ మీద ఆ గిన్నె బోర్లించి ఉంది, తళతళలాడుతూ. "ఇది ఖాసింబీ గిన్నె గదా తల్లీ. తోమినావా? తోమకూడదమ్మా ఇట్లాటివి. దాంట్లో ఉండేదంతా కడుక్కొని పోయుంటాది" అన్నాడు. అని, అమ్మ వేసిన జొన్నలు జోలెలో పోయించుకుని పక్కింటికి వెళ్ళాడు. ఆయనకు నూర్జా సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. నోటికొచ్చిన మాట అన్నాడు, ఒక మనిషి బతుకంతా మోసేటంత బరువు నెత్తిన పెట్టి పొగ వేసుకుంటూ పోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మ ఆ బండ మీదే కూలబడింది. నన్ను దగ్గరికి లాక్కుని, "ఈ మాట మీ నాయనకు గూడ సెప్పొద్దు" అంది. నేను చెప్పలేదు. నాన్న పోయేదాకా చెప్పలేదు.

ఆ వేసవిలోనే ఇమాంసాబు చిన్నాయన కాపురం ఆదోనికి మార్చాడు. అక్కడ పరుపులు కుట్టే పని దొరికిందట. బండి మీద సామాను ఎక్కించిన రోజు ఖాసింబీ చిన్నమ్మ అమ్మతో ఏదో మాట్లాడింది, నా వైపు మాత్రం తలెత్తి చూడలేదు. తర్వాత ఎప్పుడూ ఎమ్మిగనూరుకు రాలేదు. అమ్మ దానికి ఒకే ఒక్క అర్థం తీసుకుంది. తెలిసిపోయింది. తన బిడ్డను ఈ చేతులే చంపాయని ఖాసింబీకి తెలిసిపోయింది.

అప్పుడే ఊళ్ళలోకి స్టీలు సామాను వచ్చింది. సైకిల్ మీద గంపలు కట్టుకుని పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇచ్చేవాళ్ళు తిరిగేవాళ్ళు. వీధిలో అందరూ ఆశపడి ఇచ్చుకున్నారు. మా అమ్మ ఆశపడి కాదు, పారేసుకోవడానికి ఇచ్చింది. బిందెలు, చెంబులు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న గంగాళం, ఏదీ మిగల్చలేదు. నాన్న నోరు తెరిచి చూస్తుంటే, "నాకు తోమేదానికి సేతగాదు, నడుము నొస్తాండాది" అంది. ఆ నడుము అప్పటికి ముప్పై ఏళ్ళది కూడా కాదు. మా వాకిట్లో చింతపండు, బూడిద కలిసిన ఆ పుల్లటి వాసన మళ్ళీ రాలేదు. బెదురు గిన్నెను మాత్రం గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. వీధివాళ్ళు అడిగితే ఖాసింబీ పట్టుకుపోయిందని చెప్పేది. ఊరందరికీ తిరిగిన గిన్నె అలా, చిన్నమ్మ చెప్పినట్టే, పెట్టెలో తాళం కిందికి పోయింది.

నేను చదువుకున్నదాన్ని. అమ్మకు చాలాసార్లు చెప్పాను. అది ఏదో జ్వరమమ్మా, మెదడుకు సోకే జ్వరం అయ్యుంటుంది, గిన్నె తోమినా తోమకపోయినా అంతే. "జొరమేలే" అనేది. అని, కాసేపాగి, "అయినా తోమకుండా ఉండాల్సిండె" అనేది. నా మొదటి కథల పుస్తకం వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించాను. అన్నీ విన్నది. కుండలోకి తొంగిచూసిన కోడలి కథ రాగానే లేచి, పొయ్యి మీద పాలు పెట్టానంటూ లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు. ఒకప్పుడు ఆ కోడలిని అన్ని తిట్లు తిట్టిన మనిషి, తర్వాత ఎప్పుడూ ఆమె ఊసెత్తలేదు.

ఈ పనిలో పడి నేను ఎన్ని దేశాల కథలు చదివానో. ఉత్తర దేశాల వాళ్ళకు ఆగకుండా ఉప్పు విసిరే తిరగలి ఉంది. చీనావాళ్ళకు గీసినదల్లా ప్రాణం పోసుకునే కుంచె, రష్యా వాళ్ళకు పరిస్తే భోజనం వచ్చే దుప్పటి ఉన్నాయి. హైదరాబాదులో ఒక మ్యూజియంలో గాజు పెట్టెలో మా గిన్నె లాంటివే వరసగా పెట్టి ఉంటే చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. పర్షియాలో, అరబ్బు దేశాల్లో ఇలాంటివి ఇంటింటా ఉండేవట, భయపడిన పిల్లలకు నీళ్ళు తాగించడానికి. అన్నీ మెరుస్తున్నాయి. ఎవరో శుభ్రంగా తోమి పెట్టారు. వీటిని తోమవచ్చా అని అక్కడి కాపలా మనిషిని అడిగాను. "ముట్టుకోకండి మేడం" అన్నాడు. లోకంలో ఇన్ని మాయ వస్తువులు, అన్నిటికీ ఒక షరతు, ప్రతిదానికీ తప్పు చేసిన ఒక ఆడమనిషి. ఆ కథలు కట్టినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. వాటిని అచ్చు వేసి అమ్ముకున్న నా మీద కూడా వచ్చింది. ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఒక తల్లి ఆ తప్పును నిజంగా మోస్తూ కూర్చుని ఉంటుందని కథ చెప్పేవాళ్ళకు ఎందుకు తోచదు?

అమ్మ కర్మకు ఆదోని నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు మాటల్లో అన్నాడు, "ఖాసింబీయా? పరుపులంగడి ముసలామె గదా, బాగానే ఉండాది, మొన్ననే సూసినా" అని. నేను ఆమె ఎప్పుడో పోయి ఉంటుందనుకున్నాను. మా ఊరి నుంచి ఆదోనికి బస్సులో గంట దారి. అమ్మ పెళ్ళిళ్ళకు, ఆస్పత్రికి ఎన్నిసార్లు ఆదోనికి వెళ్ళిందో. పరుపుల అంగళ్ళు ఉన్న వీధి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది.

గిన్నెను అదే గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను. కిటికీ అవతల పత్తి చేలు, మధ్యలో రాళ్ళ గుట్టలు, ఏమీ మారనట్టే ఉన్నాయి. మారనిది అదొక్కటే. మా వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు వినాలంటే వెతుక్కోవాలి. ఆ కాలమే మంచిదని నేను అనను. ఆ కాలంలో పిల్లలు పేరు తెలియని జ్వరాలకు పోయేవాళ్ళు. ఇప్పుడైతే నూర్జా బతికేది, ఆ మాట గట్టిగా చెబుతాను. కానీ ఇప్పుడు నా మనవరాలు నిద్రలో ఉలిక్కిపడితే మా అపార్ట్‌మెంటులో ఏ తలుపు కొట్టి ఏమి అడగాలో నాకు తెలియదు. అందరం అన్నీ కొనుక్కున్నాం. అరువు అడగడానికి ఎవరింట్లోనూ ఏమీ లేదు. ఆదోని బస్టాండు పక్కన కిరాణా అంగట్లో బెల్లం కొన్నాను.

అంగడి వెనకే ఇల్లు. కోడలు నన్ను లోపలికి తీసుకుపోయింది. గోడవారగా కొత్త పరుపుల దొంతర, దాని పక్కన చిన్న మంచం మీద ఖాసింబీ చిన్నమ్మ. బాగా చిన్నదైపోయింది. పేరు చెప్పాను. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అమ్మ పోయిందని చెప్పాను. "యాదున్యాది, యాదున్యాది మీ అమ్మ" అంటూ కళ్ళు తుడుచుకుంది. నేను గుడ్డ విప్పి గిన్నె ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇంత నల్లగైపోయినాదేమి? మీ అమ్మ ఇట్ల పెట్టుకునే మనిషి కాదే."

అప్పుడు చెప్పాను. ఆ దీపం, చింతపండు, ఫకీరు, స్టీలు గిన్నెలు, అన్నీ. ఆమె నోరు కొంచెం తెరుచుకుని వింటూ ఉండిపోయింది.

"తోమకూడదా? ఎవురన్నారు? మా నానీ పండగ పండక్కీ బూడిదేసి తోమేది. నాకే ఓపిక లేక మసి పట్టిచ్చినా." గిన్నె లోపల వేలితో తడిమింది. "ఆ పొద్దు నేను మీ గడపలో ఆగింది, సిగ్గయ్యి. నా బిడ్డ తాగే గిన్నెకు నేను సేయని పని మీ అమ్మ సేసిందే అని. నూర్జాకు సూపిస్తిని. అన్ని దినాలు కండ్లు తెరవనిది, ఆ మెరుపుకు కండ్లు తెరిసినాది బేటీ. 'అమ్మీ, కొత్తదా?' అనింది. నోరు తెరిసి తాగింది. మళ్ళ మాట్లాడలా. అదే కడా మాట. ఇన్నేండ్లు ఆ మాట పట్టుకొనే బతికినా నేను. అది మీ అమ్మ ఇచ్చిందే."

గంట దారి. అమ్మ ఒక్కసారి ఆ బస్సెక్కి ఆ వీధిలోకి వచ్చి ఉంటే సరిపోయేది. "మరి నువ్వెందుకు రాలేదు చిన్నమ్మా? నువ్వు రాకపోయేసరికే అమ్మ అట్లా అనుకుంది" అన్నాను. కొంచెం కోపంగానే అన్నాను.

చిన్నమ్మ గిన్నెను మంచం మీద పక్కన పెట్టింది. కోడలు టీ పెట్టి వెళ్ళింది.

"మీ అమ్మను సూడలేక కాదు. నిన్ను సూడలేక" అంది. "ఇద్దురూ కలిసే పడినారు. నీకు ఆ గిన్నెతో నేనే తాపితి. నువ్వు లేసి ఆడుకుంటాంటివి. నీకేమన్నా కీడు జరగాలని కాదు బేటీ, అల్లా సాచ్చిగా. నువ్వు పెద్దదయ్యేది నా కండ్లతో సూడలేనని రాలా."

ఆ రెండిళ్ళ నడుమ గోడ ఏదో ఇన్నేళ్ళకు తెలిసింది. అది గిన్నె కాదు, నేను.

"ఇది నీకిచ్చినా చిన్నమ్మా. ఇక నీదే. తీసుకున్నా అని చెప్పు" అన్నాను, ఆ రోజు మా గడపలో ఆమె అమ్మతో అన్న మాటలే. ఆమె నావైపు చూసింది. "తీసుకున్నా" అంది. ఇక అది మా ఇంటిది కాదు కాబట్టి, "ఒకసారి ఇస్తావా?" అని అడిగాను. కోడలిని పిలిచి నీళ్ళు పోయించింది. చుక్కల కింద పెట్టడానికి అది చుక్కల వేళ కాదు, మధ్యాహ్నం. "తాగు, మీ అమ్మ పేరు మీద తాగు" అంది. తాగాను. ఇత్తడి వాసన. ఖాళీ అయిన గిన్నెలో బెల్లం వేసి తిరిగి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఒక ముక్క విరిచి నాకిచ్చి, ఇంకొకటి తన నోట్లో వేసుకుంది. ఈసారి చీమలకు మిగల్లేదు.

లేవబోతుంటే, "ఇట్ల తిరుగు" అంది. మంచం అంచున ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను, చిన్నప్పుడు కూర్చున్నట్టే. నా ముడి విప్పింది. వేళ్ళతో పాయలు తీసి, మెల్లగా, వదులుగా జడ అల్లడం మొదలుపెట్టింది. సగంలో చెయ్యి ఆగింది.

"అంతా నెరిసిపోయినాదే" అంది. కాసేపటికి మళ్ళీ, నాతో కాదు అన్నట్టు, "నూర్జాకు గూడ ఈపాటికి నెరిసుండు" అంది.